చెప్పుల ఫిరాయింపు

హనుమకొండలో 1904లోనే భాషానిలయం పేరుతో గ్రంథాలయం వెలసిందని ఊరికి వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునే రకం నేను. అందుచేత ఆదివారం పొద్దున మా పేట గ్రంథాలయానికి వెళ్లకపోతే పెద్దల తద్దినం ఎగ్గొట్టినట్టే ఉంటుంది. మొన్న వెళ్లేసరికి సంపాదకీయం పుట ఒకాయన మోచేతి కింద నలుగుతున్నది. ఆయన దాన్ని చదవడం లేదు, దాని మీద ఆదివారం అనుబంధం పరచుకుని గళ్లనుడికట్టు నింపుతున్నాడు. మెల్లగా లాగి చూస్తే, పార్టీ ఫిరాయింపుల మీద వ్యాసం.

ఇక నాకు పూనకం వచ్చింది. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారితే 'ఆయారాం గయారాం' అన్న మాట పుట్టిందనీ, 1985లో 52వ రాజ్యాంగ సవరణ, పార్టీ ఫిరాయించినవారిని సభ్యత్వానికి అనర్హులను చేసే పదవ షెడ్యూలును తెచ్చిందనీ, మూడో వంతు మంది చీలితే తప్పులేదన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసివేసిందనీ, ఇప్పుడు విలీనానికి మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలనీ బల్ల చుట్టూ ఉన్నవారికి అడగకుండానే వివరించాను. "ఎంత చట్టమున్నా మనిషికి అంతరాత్మ ఉండాలె గదా!" అని ముగించాను.

గళ్లాయన తలెత్తి, "అంతరాత్మ నాలుగక్షరాలే గద సార్? నిలువు ఏడుకు సరిపోయింది" అని రాసుకున్నాడు.

ఆ ఊపులోనే గడప బయట చెప్పులు తొడుక్కుని చౌరస్తా దాకా వచ్చాక, కుడికాలు అడుగేసినప్పుడల్లా కిర్రుమనడం వినిపించింది. ఎడమది నాదే, బొటనవేలి గుంటా, పట్టీకి వేయించిన తెల్లదారం కుట్టూ సాక్ష్యం. కుడిది అదే నలుపు, అదే పట్టీ, కాని సరికొత్తది. రెంటిలో ఒకటి, అంటే సగం మారింది. 1985 లెక్కన మూడో వంతు దాటింది కనుక న్యాయమైన చీలిక, 2003 లెక్కన మూడింట రెండు వంతులు కాలేదు కనుక అనర్హత. చట్టం మాట ఎట్లున్నా, కుడికాలు సుఖంగా ఉన్న సంగతి దాచలేను.

ఇంట్లో మా శ్రీమతి, "ఒక్క కాలుకే కొత్తది కొన్నరా?" అని అడిగింది. అనర్హత పిటిషను మీద సభాపతి ఎన్నాళ్లలో తేల్చాలో పదవ షెడ్యూలులోనే గడువు లేనప్పుడు, నేను భోజనం కానిచ్చి తేల్చుకుంటే ఏమైందనుకున్నాను. పప్పుచారు బాగా కుదరడంతో విచారణ మరికొంత వాయిదా పడింది.

తిరిగి వెళ్లేసరికి గ్రంథాలయానికి తాళం పడింది. మెట్ల మీద గళ్లాయన ఎడమకాలికి కొత్త చెప్పుతో, కుడికాలు ఉత్తదిగా పెట్టుకుని కూర్చున్నాడు. నా పాత కుడి చెప్పు పక్కనే ఉన్నది. దాన్ని ఆయన తొడుక్కోలేదు.

"చానాసేపయిందా కూసొని?" అన్నాను.

"గంటన్నర. వస్తరని తెలుసు సార్, నిలువు ఏడు మీరే చెప్పిన్రు గద" అని చెప్పు కోసం కాలు చాచాడు.