సవరణ: స్పారింగ్‌కి 10 ఔన్సుల గ్లవ్స్ చాలవు

మొన్న బాక్సింగ్ గ్లవ్స్ గురించి రాస్తూ, 10 ఔన్సులవి ఒక జత కొంటే వేలాడదీసి గుద్దే బ్యాగ్‌కీ, ఎదుటి మనిషితో ప్రాక్టీసుగా తలపడే స్పారింగ్‌కీ సరిపోతాయన్నాను. అది తప్పు, నేనే సరిగ్గా కనుక్కోకుండా రాశాను. గుంటూరులో పిల్లలకు బాక్సింగ్ నేర్పే కోచ్ ఒకాయన చదివి ఫోన్ చేశారు, తర్వాత కంపెనీల సైజు చార్టులూ చూశాను: బ్యాగ్ మీద 10, 12 పర్లేదు గానీ ఎదుటి మనిషితో స్పారింగ్ అంటే పెద్దవాళ్లకు మామూలుగా 16, బరువు తక్కువున్నవాళ్లకు 14. ఔన్సులు పెరిగేకొద్దీ లోపల మెత్త పెరుగుతుంది, దెబ్బ తగిలేది అవతలివాళ్ల తలకి కదా!

ఔన్సులంటే చేతి సైజు అని కొందరు అనుకున్నారు. కాదండీ, గ్లవ్ బరువు. 16 అంటే ఒక్కోటి దాదాపు 450 గ్రాములు.

విజయవాడలో నా మాట విని 10 ఔన్సులవి కొనేసినవాళ్లు వాటిని బ్యాగ్‌కే ఉంచండి, స్పారింగ్‌కి దయచేసి వాడకండి.