తొమ్మిది వేల షూ, పదమూడు వందల షూ

మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నిన్నంతా ఒకటే గొడవ. ఒకాయన పొద్దున్నే "రన్నింగ్ మొదలుపెడుతున్నా, ఏ షూ కొనమంటారు" అని అడిగాడు పాపం. ఇక చూడండి. ఒక బ్యాచేమో "షూ దగ్గర కక్కుర్తి పడకు, మోకాళ్ళు పోతాయ్, పది వేలైనా పర్లేదు బ్రాండే కొను" అని. ఇంకో బ్యాచేమో "కోఠీలో ఐదొందలకి అదే దొరుకుతది, అంతా ఒకే ఫ్యాక్టరీ మాల్" అని. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళ లెక్కన మూడే కాళ్ళు. మధ్యలో ఒకాయన అబేబే బికిలాని కూడా లాక్కొచ్చాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో చెప్పులు లేకుండా మారథాన్ గెలిచాడు కదా, ఆయన. అదే మనిషి 1964లో టోక్యోలో షూ వేసుకుని మళ్ళీ గెలిచాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

గ్రూపులో నేనేం మాట్లాడలేదు. మేనేజర్ కూడా ఉంటాడు అందులో. ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే ఈ రెండు బ్యాచ్‌ల మాటా విని, రెండుసార్లూ బోల్తా పడ్డవాణ్ణి నేను.

ముందు ఖరీదైన ముచ్చట. కొన్నేళ్ళ కింద మోకాలు నొప్పి మొదలైతే డాక్టరు బరువు తగ్గమన్నాడు, నడవమన్నాడు. నడవాలంటే షూ కావాలి కదా అని ఒక మాల్‌లో షోరూమ్‌కి పోయాను. అక్కడి కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని, లేసులు కట్టి, ఇటు నడవండి సార్ అటు నడవండి సార్ అని రాజమర్యాద చేశాడు. తొమ్మిదో నంబరు. పొడవు సరిపోయింది గానీ చిటికెన వేలు దగ్గర నొక్కుతోంది. అదే చెప్పాను. "వాడగా వాడగా సాగుతది సార్" అన్నాడు. నా పాదం ముందుభాగం వెడల్పు. మా నాన్నదీ అంతే, మా చెల్లిదీ అంతే. తోలు చెప్పైతే సాగుతుంది, నిజమే. ఈ జాలీ గుడ్డ, దాని మీద అతికించిన ప్లాస్టిక్ పట్టీలు ఎక్కడ సాగుతాయి? తొమ్మిది వేలు. ఇరవై రోజుల్లో చిటికెన వేలి పక్కన బొబ్బ. బొటనవేలి గోరు నేరేడు పండు రంగుకొచ్చింది. తొమ్మిది వేలు పెట్టి నొప్పి అని చెప్పుకోవడానికి సిగ్గేసి, డబ్బాలో పెట్టి అటకెక్కించాను.

మూడేళ్ళకి దించి చూస్తే సోల్ పట్టుకుంటే చాలు, టీలో నానిన రస్కులా పొడిపొడిగా రాలింది. వేసుకుని అరగలేదండీ, వేసుకోకనే పోయింది. తర్వాత తెలిసింది, అది పీయూ సోల్ అట, అంటే పాలీయురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్. గాల్లో తేమకి ఆ పదార్థం లోపల్లోపలే విరిగిపోతుంది, డబ్బాలో దాచినా సరే. షూ పారేశాం. డబ్బా గట్టిగా ఉందని మా ఆవిడ కరెంటు బిల్లులకి ఉంచింది.

ఆ కోపంలో నేరుగా కోఠీ. ఫుట్‌పాత్ మీద ఏడొందలన్నాడు, నాలుగొందల యాభైకి దిగాడు. "ఫస్ట్ కాపీ అన్నా, షోరూమోడు గూడ గుర్తువట్టలేడు." లోగో కూడా ఉంది, కొంచెం లావెక్కినట్టుంది గానీ ఉంది. రెండు నెలలకే ముందర నోరు తెరిచింది. తార్నాకలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి చుట్టూ కుట్టెయ్యమన్నాను. ఆయన షూలో చెయ్యి పెట్టి లోపలి అట్టని పైకి లాగాడు. పైన పల్చటి స్పాంజి, అప్పడమంత. దాని కింద నోటుబుక్కు అట్టలాంటి అట్ట, చెమటకి తడిసి ముద్దయింది. మడమ దగ్గర ఇంకా చిత్రం, సోల్ లోపలంతా బోలు, ప్లాస్టిక్ గడులు గడులు, అంతే. "కుట్టు ఎయ్యమంటే ఎస్త సార్, దేన్ని వట్టుకోవాలె కుట్టు?" అన్నాడు. పైన పటారం లోన లొటారం అంటారే, అది చేత్తో పట్టుకుని చూశాను ఆ రోజు.

కాబట్టి "ఒకే ఫ్యాక్టరీ" బ్యాచ్‌కి నా మాట ఇది. పెద్ద బ్రాండ్లు చాలావరకు సొంత ఫ్యాక్టరీల్లో చెయ్యవు, వియత్నాంలోనో ఇండోనేషియాలోనో కాంట్రాక్టుకి చేయిస్తాయి, ఒప్పుకుంటా. అంతమాత్రాన కోఠీ ఫుట్‌పాత్ మీదున్నది అక్కణ్ణుంచే వచ్చినట్టా? పైరూపం కాపీ కొట్టడం తేలిక. కాలికి పని చేసేది కంటికి కనపడని మధ్యపొర. చాలా షూల్లో అది ఈవీఏ ఫోమ్, అంటే లక్షల చిన్న చిన్న గాలిబుడగలు. అడుగు పడ్డప్పుడు నొక్కుకుని మళ్ళీ లేవాలి. లేవడం మానేసిన రోజు షూ పైకి కొత్తగానే ఉంటుంది, లోపల చచ్చిపోయి ఉంటుంది. మామూలుగా ఐదొందల నుంచి ఎనిమిదొందల కిలోమీటర్లు దాని ఆయుష్షు అంటారు. బ్రాండుదైనా అంతే!

ఇక "పది వేలు పెట్టు" బ్యాచ్. స్కాట్లండ్‌లో డండీ యూనివర్సిటీ వాళ్ళు 2007లో ఒక పరీక్ష ప్రచురించారు. మూడు బ్రాండ్లు, ఒక్కోదాన్లో మూడు ధరలు, అరికాలి కింద ఒత్తిడి కొలిచారు. తక్కువ ధర జతలు ఖరీదైనవాటికి ఏమీ తీసిపోలేదు. ఇక్కడే చవక బ్యాచ్ ఎగిరి గంతెయ్యకండి. వాళ్ళ చవక జతంటే 40 పౌండ్లు. అది అసలు బ్రాండే. మన నాలుగొందల యాభై కాపీ ఆ లెక్కలోకే రాదు. నాకు అర్థమైందేంటంటే, ఒక అసలు ఫోమ్ వరకు డబ్బు పని చేస్తుంది, ఆపైన పెట్టేది ఎక్కువగా లోగోకే.

దీనికి సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. మా చెల్లెలి కొడుకు 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కి మా ఇంట్లో ఉండి ప్రిపేరయ్యాడు. మగపిల్లలకి పరుగు పరీక్ష 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో. పొద్దున ఐదింటికి ఓయూలో ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్ళి చూడండి, నోటిఫికేషన్ పడిందంటే రోడ్డంతా ఈ పిల్లలే. ఒక్కడి కాలికీ పది వేల షూ ఉండదు. కేబీఆర్ పార్కు దగ్గరేమో పదిహేను వేల షూ వేసుకుని ఫోన్లో షేర్ల గురించి మాట్లాడుకుంటూ తాబేలు నడక. (ఆ బ్యాచ్‌లో నేనూ ఉన్నాను ఒకప్పుడు, పార్కే వేరు.)

వాడు కొన్నది ఒక దేశీ కంపెనీ షూ, పదమూడు వందలు. కాపీ కాదు, సొంత పేరుతో అమ్మేది. కొనే ముందు వాడు చేసిన తతంగం చూసి నేను నేర్చుకున్నా. సాయంత్రం వెళ్ళాడు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుందని. పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకెళ్ళాడు. ముందు బొటనవేలంత ఖాళీ చూసుకున్నాడు. షూని రెండు చేతుల్తో వంచి, వేళ్ళ దగ్గర వంగిందా నట్టనడుమ వంగిందా అని చూశాడు. నడుమ వంగినవి పక్కన పెట్టాడు. షాపాయనకి విసుగొచ్చింది, వీడికి రాలేదు. రోజుకి ఆరు కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు. మూడు నెలలు దాటేసరికి "మామా, అడుగున గట్టిగ తగుల్తుంది" అని అదే ధరలో ఇంకో జత తెచ్చుకున్నాడు. రెండు జతలూ కలిపి రెండు వేల ఆరొందలు. ఈవెంట్స్‌లో (శారీరక పరీక్షలన్నమాట) గట్టెక్కాడు.

ఇప్పుడైతే ఇంకా నయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండున్నర వేల లోపు జత మీద జీఎస్టీ 5 శాతమే, అది దాటితే 18. నడకకీ మామూలు పరుగుకీ నన్నడిగితే ఆ రెండున్నర వేల లోపలే వెతకమంటాను. వారానికి యాభై కిలోమీటర్లు కొట్టేవాళ్ళు నన్ను అడగరు, నేనూ చెప్పను.

పోయిన దసరాకి మా వాడు డబ్బా పట్టుకుని వచ్చాడు. "మామా, నీకే." బ్రాండెడ్. ఎనిమిది వేల పైనే ఉంటుంది, బిల్లు చూపించలేదు. నంబరెలా తెలిసిందిరా అంటే, కరెంటు బిల్లుల డబ్బా మీద చూసి రాసుకున్నాడట. అదే కంపెనీ, అదే తొమ్మిది. వాడు ఎదురుగా నిలబడితే వేసుకుని హాల్లో నాలుగడుగులు నడిచాను. చిటికెన వేలు దగ్గర నొక్కింది.

"ఎట్లుంది మామా?"

"సూపర్ రా" అన్నాను.