పాడైన మాంసాన్ని అనాథాశ్రమాలకు పంచాలా?

హైదరాబాద్ హోటళ్ళలో ఆహార భద్రతా అధికారులు మాంసం, పన్నీరు పారబోయిస్తున్న వీడియోకు ఒక సందేశం జోడించి మిత్రులు, బంధువులు పదే పదే పంపుతున్నారు. రుజువు లేకుండా సరుకు పట్టుకుంటున్నారని, అందులో సగం అధికారుల ఇళ్ళకే చేరుతోందని, గడువు తేదీ కంపెనీల మాయ అని, బాగా ఉడికిస్తే ఏ క్రిమీ బతకదు కనుక ఆ తిండిని అనాథాశ్రమాలకు పంచాలని దాని సారాంశం.

అధికారుల ఇళ్ళ మాటకు ఒక్క ఆధారమూ చూపలేదు కనుక దాన్ని అక్కడితో వదిలేస్తున్నాను. రుజువు సంగతికి వస్తే, పరీక్షకు తీసిన నమూనాను నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, ఇచ్చినవారి సంతకం తీసుకోవాలని 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చెబుతోంది. తినడానికి పనికిరానంతగా చెడిపోయిన పదార్థాన్ని యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాకే ధ్వంసం చేయించాలి. సహేతుకమైన కారణం లేకుండా వేధింపుగా సరుకు పట్టుకున్న అధికారికి 39వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది.

నాకు కోపం తెప్పించింది చివరి మాట. ఉడికిస్తే చాలా క్రిములు చస్తాయి, నిజమే; అవి అప్పటికే వదిలిన విషాల్లో కొన్ని మాత్రం పోవు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే వాంతుల విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా నశించదు. సరిగా ఐసు వేయకుండా నిల్వ ఉంచిన వంజరం, ట్యూనా వంటి చేపల్లో పుట్టే హిస్టమిన్ వేపినా, పులుసు పెట్టినా అలాగే ఉంటుంది. పైగా మసాలా దట్టించి వండితే వాసనతో పసిగట్టే వీలు కూడా పోతుంది. మన పిల్లల కంచంలో పెట్టని కూరను అడిగే దిక్కులేని పిల్లలకు వడ్డించమనడం దానం ఎలా అవుతుంది? మిగిలిన మంచి తిండిని గడువులోపే పంచడానికి 2019లోనే ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఆ పని చేయదలచిన హోటల్ యజమాని తనిఖీ దాకా ఆగనక్కరలేదు.

గడువు తేదీ విషయంలో మాత్రం సందేశంలో కొంత నిజముంది. ‘బెస్ట్ బిఫోర్’ నాణ్యతకు సంబంధించిన తేదీ. అది దాటినంత మాత్రాన బిస్కెట్ విషమైపోదు. ‘ఎక్స్‌పైరీ’, ‘యూజ్ బై’ తేదీ దాటినదాన్ని మాత్రం అమ్మకూడదు. అలాగే ప్రయోగశాల నివేదిక రాకముందే హోటల్ పేరుతో సహా వీడియోలు బయటపెట్టడం నాకూ సమ్మతం కాదు. నివేదిక ఇవ్వడానికి విశ్లేషకుడికి చట్టం 14 రోజుల గడువిచ్చింది, దానిపై అప్పీలు చేసుకునే హక్కు యజమానికి ఉంది. ప్రతి తనిఖీ తర్వాత ఆ నివేదికలను కూడా ప్రజల ముందు పెట్టాలని అడిగే సందేశమైతే నేనే ముందుగా పంపుతాను.