దెబ్బలు తిన్న రాయికి కాపలా ఉద్యోగం

మా బరంపురంలో ఈమధ్య రంగురాళ్లు అమ్మేవాళ్ల దగ్గరికి కొత్త రక్షకుడొచ్చాడు. గోధుమ రంగు స్ఫటికం, పేరు స్మోకీ క్వార్ట్జ్. చిన్న ముక్క ఫోను వెనక అంటిస్తే రేడియేషనంతా అదే పీల్చేస్తుందట. సెల్ టవర్ పక్కన ఇల్లున్నవాళ్లకి పెద్ద సైజు. నేను ఈ రాయిని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. రేడియేషన్‌తో దానికున్నంత అనుభవం మనలో ఎవరికుంది?

సర్వీసు రికార్డు చూడండి. క్వార్ట్జ్ అంటే మన పలుగురాయే. అందులో ఉండేది సిలికాన్, ఆక్సిజన్. అక్కడక్కడ సిలికాన్ సీట్లో అల్యూమినియం వచ్చి కూర్చుంటుంది. విద్యుదావేశం లెక్కలో సిలికాన్‌ది నాలుగు ప్లస్సుల హోదా, దీనిది మూడే. ఆ లోటు పూడ్చడానికి లిథియమో, సోడియమో, హైడ్రోజనో పక్కన చేరుతుంది. ఇంతవరకూ రంగేమీ లేదు. ఆ తర్వాత చుట్టూ ఉన్న రాతిలోని యురేనియం, థోరియం, పొటాషియం-40 లక్షల ఏళ్లపాటు గామా కిరణాలతో వాయిస్తాయి. అల్యూమినియం పక్కనున్న ఆక్సిజన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోయి ఇంకెక్కడో ఇరుక్కుంటుంది. అది ఖాళీ చేసిన చోటు వెలుతురుని మింగడం మొదలుపెడుతుంది. మనకి కనిపించే గోధుమ రంగు అదే. దెబ్బలు ముదిరితే నలుపు.

అంటే ఆ రంగు రేడియేషన్‌ని ఆపినందుకు వచ్చిన మెడల్ కాదు, తిన్న దెబ్బలకి కమిలిన ఒళ్లు. దొంగల చేతిలో తన్నులు తిన్నవాణ్ణి ఊరికి కాపలా పెట్టుకోవడంలో తప్పేముంది? దొంగల్ని గుర్తుపడతాడు కదా. కాకపోతే ఫోను నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టే సత్తా వాటికి లేదు. ఇలాంటి చిన్న విషయాలు పట్టించుకుంటే వ్యాపారాలు సాగవు.

డబ్బా మీద 'నూరు శాతం స్వచ్ఛం' అని రాసుంటుంది. నిజంగా అంత స్వచ్ఛమైతే అల్యూమినియం ఉండదు, ఈ రంగూ రాదు. మరీ నల్లగా నిగనిగలాడే వాటిలో చాలావాటికి లక్షల ఏళ్ల ఓపిక లేదు. కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ముందు పెట్టి గామా కిరణాలు కొట్టించి తెస్తారు. భయపడకండి, గామా తగిలినంత మాత్రాన రాయి రేడియోధార్మికం అయిపోదు. ఇంకో మాట, శక్తి నింపుతామని హోమగుండంలో మాత్రం పెట్టకండి. మూడు నాలుగు వందల డిగ్రీల వేడికి ఎలక్ట్రాన్లు సొంతింటికి చేరుకుంటాయి, రంగు పోతుంది, రక్షకుడు రిటైరవుతాడు.

మన గంజాం జిల్లాలోనే, ఛత్రపూర్ తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంది. సిసలైన గామా కిరణాలు దొరికే చోటు. అక్కడ ఈ రాయిని కాపలా పెట్టి చూద్దామని అమ్మేవాణ్ణి అడిగితే, ఆ స్కీము ఫోన్లకి మాత్రమేనన్నాడు.

మా పిన్నికి మాత్రం గట్టి నమ్మకం. మొన్న బస్సు తప్తపాణి ఘాటీ కొండదారిలోకి రాగానే ఆవిడ ఫోనుకి సిగ్నల్ పోయింది. బస్సులో మిగతావాళ్లకీ పోయింది. "చూశావా, ఒక్క రాయి బస్సు మొత్తాన్ని కాపాడింది" అంది.