దక్షిణ అమెరికా సిక్లిడ్లన్నిటినీ ఒకే గాటన కట్టవచ్చా?

పెద్ద అక్వేరియం పెట్టుకోబోయేవారి మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతూ తిరుగుతోంది. దక్షిణ అమెరికా సిక్లిడ్లన్నీ (సిక్లిడ్లు అంటే ఒక చేపల కుటుంబం) అమెజాన్ నీళ్ళలో పుట్టినవే కనుక ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయని, ట్యాంకు పెద్దదైతే ఏ రెండిటినైనా కలపవచ్చని, పిల్లలుగా ఉన్నప్పటి నుంచే కలిపి పెంచితే పెద్దయ్యాక కొట్టుకోవని, ఒకవేళ కొట్టుకున్నా మరికొన్ని చేపలను వదిలితే గొడవ సద్దుమణుగుతుందని, ఎంత పెద్ద జాతి అయినా ట్యాంకును బట్టే పెరుగుతుందని ఆ సలహా చెబుతుంది. ఈ ఐదు మాటల్లో కొన్నిటికి ఎంతో కొంత ఆధారం లేకపోలేదు. అందుకే అవి ఇంతగా చెల్లుబాటవుతున్నాయి. కానీ వాటిని నమ్మి ఆస్కార్, డిస్కస్, ఏంజెల్, రామ్ అనే సిక్లిడ్ల పిల్లలను ఒకేసారి తెచ్చి ఒకే ట్యాంకులో వదిలితే, ఏడాది తిరిగేసరికి అందులో నిక్షేపంగా ఉండేది చాలావరకు ఆస్కార్ ఒక్కటే.

మొదటి మాట పుట్టిన చోటు గురించినది. దక్షిణ అమెరికా సిక్లిడ్లన్న పేరు మీద దొరికే చేపలన్నీ అమెజాన్‌వి కావు. గ్రీన్ టెర్రర్ ఆండీస్ పర్వతాలకు పడమటి వైపున, ఈక్వెడార్, పెరూ దేశాల్లో పసిఫిక్ మహాసముద్రంలో కలిసే నదులలో ఉండే చేప. అమెజాన్‌కూ దానికీ మధ్య ఆ పర్వతశ్రేణే అడ్డుగా ఉంది. బ్లూ అకారా వెనిజులా, ట్రినిడాడ్‌ల చేప. రామ్ వెనిజులా, కొలంబియాలలో ఒరినోకో నది మైదానాలకు చెందినది. జిమ్నోజియోఫేగస్ జాతులు చాలావరకు ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ ప్రాంతాలవి. అక్కడ చలికాలం నిజంగా చలికాలమే. కాన్విక్ట్, జాక్ డెంప్సీ, ఫైర్‌మౌత్‌లను కూడా చాలామంది ఈ జాబితాలోనే చేర్చేస్తారు గానీ అవి మెక్సికో, మధ్య అమెరికా చేపలు. ఫ్లవర్‌హార్న్ అయితే మనుషులు సంకరం చేసి పుట్టించినది; దానికి సొంత నది అంటూ లేదు.

అమెజాన్ లోపల కూడా నీరు అంతటా ఒకే తీరుగా ఉండదు. మానౌస్ నగరం దగ్గర నల్లటి రియో నీగ్రో, బురద రంగు సొలిమోయిస్ నదులు కలిసిన తర్వాత సైతం ఆ రెండు నీళ్ళూ కొన్ని కిలోమీటర్ల దూరం పక్కపక్కనే విడివిడిగా ప్రవహిస్తాయి. రియో నీగ్రో నీటిలో కరిగిన లవణాలు బహు స్వల్పం, ఆమ్లగుణం ఎక్కువ; సొలిమోయిస్ ఆండీస్ ఒండ్రును మోసుకొస్తూ తటస్థానికి దగ్గరగా ఉంటుంది; షింగూ, తపజోస్ నదులవి తేటనీళ్ళు. ఇంత చెప్పినా, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) గురించి అతిగా బెంగపడనక్కరలేదని నా అభిప్రాయం. తరతరాలుగా ట్యాంకుల్లోనే పుట్టి పెరుగుతున్న ఏంజెల్, ఆస్కార్, సెవరమ్‌లు 6.5 నుంచి 7.5 వరకు ఏ పీహెచ్‌కైనా, అది నిలకడగా ఉన్నంతకాలం, అలవాటు పడతాయి. అసలు చిక్కు వేడి దగ్గర వస్తుంది. డిస్కస్‌కు 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఆస్కార్‌కు 25, 26 డిగ్రీలు చాలు. జిమ్నోజియోఫేగస్‌ను ఏడాది పొడవునా 28 డిగ్రీలలో ఉంచితే చల్లటి రోజుల విశ్రాంతి లేక నీరసించి రోగాల పాలవుతుంది. ఒకే హీటరుతో ఈ మూడింటినీ మెప్పించడం సాధ్యం కాదు.

ఇక ట్యాంకు పెద్దదైతే చాలునన్న మాట. 180 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 650 లీటర్ల నీరు పడుతుంది. అంత నీటినీ పొడవు తగ్గించి ఎత్తు పెంచిన ట్యాంకులోనూ పోయవచ్చు. కానీ ఈ చేపల్లో ఎక్కువ భాగం హద్దులు గీసుకునేది అడుగుభాగం మీద కనుక, లీటర్ల లెక్క కుదిరినా వాటికి దక్కే చోటు తగ్గిపోతుంది. పైగా చోటు ఎంత ఉన్నా నోటి కొలత మారదు. ఎదిగిన ఆస్కార్ 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అది దవడలను ముందుకు చాచి నోరు తెరిచిందంటే ఎదుటి నీటితో పాటు చిన్న చేప కూడా లోపలికి పోతుంది. ఏంజెల్ చూడడానికి సాధువులా ఉంటుంది గానీ, ఎదిగిన ఏంజెల్ నాలుగు సెంటీమీటర్లయినా లేని నియాన్ టెట్రాలను ఒక్కొక్కటిగా ఖాళీ చేయగలదు. నోట్లో పట్టినా గొంతు దిగని చేపలతో మరో ప్రమాదం ఉంది. కోరిడోరస్ అనే చిన్న క్యాట్‌ఫిష్ భయపడినప్పుడు పక్క రెక్కల ముళ్ళను బయటికి చాచి బిగించుకుంటుంది. ఆస్కార్ దాన్ని నోట కరిస్తే ఆ ముళ్ళు గొంతులో అడ్డం పడి, మింగలేక కక్కలేక, చివరకు రెండూ చచ్చిపోవచ్చు.

అడుగున ఏమి పరిచామన్నది కూడా ఈ సలహా పట్టించుకోదు. జియోఫేగస్ అనే సిక్లిడ్ తినే తీరును దగ్గర నుంచి గమనిస్తే దాని ప్రాముఖ్యం తెలుస్తుంది. తల వాల్చి, మూతిని ఇసుకలో గుచ్చి, నోటినిండా ఇసుక తీసుకుని, కాస్త పైకి లేచి నములుతున్నట్టుగా దవడలు ఆడిస్తుంది. తిండి నోట్లో ఆగిపోగా ఇసుక మొప్పల కింద నుంచి రెండు పాయలుగా జారిపోతుంది. పగలంతా అదే పని. దానికి గులకరాళ్ళు పరిచిన ట్యాంకునిస్తే, అది ఎంత పెద్దదైనా, పుట్టుకతో వచ్చిన ఆ పని చేసుకోనివ్వకపోగా మొప్పలకు గాయాలు కూడా చేయవచ్చు. సన్నటి ఇసుక పోస్తే ఆ చిక్కు తీరుతుంది గానీ మొక్కలు వేళ్ళతో సహా లేచిపోతాయి. లేవకుండా మిగిలినవాటిని సెవరమ్, ఉవారూలు తినేస్తాయి. తినే వేగం సంగతి మరొకటి. డిస్కస్ ప్రతి పలుకునూ పరీక్షించి మరీ తింటుంది. గ్రీన్ టెర్రర్ పక్కన దానికి చోటిచ్చామంటే పస్తులు పెట్టడమే.

అన్నిటికంటే ఎక్కువ మందిని మోసపుచ్చేది మూడవ మాట, అంటే పిల్లలుగా కలిపి పెంచితే కొట్టుకోవన్నది, ఎందుకంటే మొదటి కొన్ని నెలల పాటు అది నిజమేననిపిస్తుంది. సిక్లిడ్ పిల్లలు గుంపుగా తిరుగుతాయి, ఒకే మూలన నిద్రపోతాయి, తిండికి ఒకేసారి పరుగెత్తుకొస్తాయి. గుడ్లు పెట్టే వయసు వచ్చేదాకా వాటికి కాపాడుకోవలసిన చోటు లేదు కనుక పోట్లాటలూ చిన్నవే. తర్వాత వాటిలో రెండు జతకట్టి, ఒక బల్లపరుపు రాయిని ఎంచుకుని నోటితో శుభ్రం చేయడం మొదలుపెట్టిన రోజున పాత పరిచయాలేవీ చెల్లవు. ఆడా మగా కలిసి గుడ్లకు, పిల్లలకు కాపలా కాయడం ఈ జాతుల్లో చాలావాటి స్వభావం. నదిలో అయితే ఆ హద్దు దాటి పారిపోవడానికి ఎదుటి చేపకు దారి ఉంటుంది, ఇక్కడ అద్దం అడ్డొస్తుంది. మామూలు రోజుల్లో ఎంతో నెమ్మదస్తురాలైన బ్లూ అకారా సైతం అప్పుడు నాలుగడుగుల ట్యాంకులో సగాన్ని తనదిగా చేసుకోగలదు. గ్రీన్ టెర్రర్ జంటకైతే ఆ ట్యాంకు మొత్తం కావాలి.

ఓడిన చేప ఒంటి మీద గాయాలు ఉంటాయన్న నమ్మకం లేదు. అది హీటరు వెనుకనో, ఫిల్టరు గొట్టం పక్కన నీటి పైభాగంలోనో, రెక్కలు ముడుచుకుని, రంగు నల్లబడి కదలకుండా ఉంటుంది; తిండి పడినా ముందుకు రాదు, వస్తే మళ్ళీ తరుముతాయి. చాలామంది దాన్ని రోగమనుకుని నీళ్ళలో మందు పోస్తారు. ఆ చేపకు కావలసింది వేరే ట్యాంకు. ఈ మూడవ మాటలో ఉన్న కాస్త నిజమూ చెప్పాలి: ఏంజెల్ లేదా సెవరమ్ పిల్లలను అరడజను కలిపి పెంచి, వాటంతట అవే జతకట్టనివ్వడం జంటను సంపాదించడానికి మంచి పద్ధతే. అయితే జంట కుదిరిన వెంటనే తక్కినవాటిని వేరు చేయడం కూడా ఆ పద్ధతిలో భాగం. సలహాలో ఆ సగం ఎగిరిపోయింది.

కొట్టుకుంటే మరిన్ని చేపలను వదలమన్న ఉపాయం ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపల నుంచి అరువు తెచ్చుకున్నది. అక్కడ రాళ్ళ మధ్య కిక్కిరిసి బతికే మ్బూనా సిక్లిడ్ల విషయంలో, ఫిల్టరూ నీటి మార్పులూ గట్టిగా ఉంటే, దెబ్బలు ఒక్క చేప మీదనే పడకుండా పదిటికి పంచబడతాయి. జంటగా స్థలాన్ని పట్టుకునే దక్షిణ అమెరికా జాతులకు అదనంగా వచ్చిన ప్రతి చేపా మరొక చొరబాటుదారే. మరోవైపు మలినం పెరుగుతుంది: ఫిల్టరులోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది గానీ, ఆ నైట్రేట్‌ను బయటికి పంపేది ప్రధానంగా మనం మార్చే నీళ్ళే. పాడైన నీటిలో ఎక్కువకాలం ఉన్న ఆస్కార్, జియోఫేగస్‌ల తల మీద గుంటలు పడడం చూసినవారు చాలామందే ఉంటారు.

ట్యాంకును బట్టే చేప పెరుగుతుందన్న మాట మీద ఎక్కువసేపు నిలవనక్కరలేదు. నీళ్ళు శ్రద్ధగా మారుస్తూ బాగా మేపితే, ఆస్కార్ చిన్న ట్యాంకులోనూ వెనక్కి తిరగలేనంత పెరుగుతుంది. ఎదుగుదల ఆగిపోయిందంటే నీరో తిండో బాగోలేదని, ఆ చేప ఆయుష్షు తగ్గుతోందని అర్థం.

మరి ఏవి కలుస్తాయి? పైన చెప్పిన 650 లీటర్ల ట్యాంకులో, సన్నటి ఇసుక మీద, ఒకే జాతి జియోఫేగస్‌లు ఆరు నుంచి ఎనిమిది, వాటితో రెండు సెవరమ్‌లు, ఒక గుంపు సిల్వర్ డాలర్ చేపలు 27 డిగ్రీల వద్ద సాఫీగా ఉంటాయి. జియోఫేగస్‌లను మూడో నాలుగో తెస్తే అన్నిటికంటే బలహీనమైనది దెబ్బలన్నీ తింటుంది. ఆస్కారే కావాలనుకుంటే ఒక్కదాన్ని, దాని నోటికి పట్టని చాక్లెట్ సిక్లిడ్, సిల్వర్ డాలర్లతో ఉంచవచ్చు. డిస్కస్ కోరుకునేవారు 29 డిగ్రీలకు తట్టుకునే రామ్, కార్డినల్ టెట్రా, స్టెర్బాయి కోరిడోరస్‌ల దగ్గర ఆగిపోవాలి. ఏ కూర్పులోనైనా నెమ్మదైన జాతులను ముందు వదిలి, చోటును ఆక్రమించే స్వభావమున్నదాన్ని చివరగా, రాళ్ళూ మొద్దులూ స్థానం మార్చిన రోజునే వదలాలి; ఫిల్టరు నడుస్తున్న ఒక విడి ట్యాంకును మొదటి చేప రాకముందే సిద్ధం చేసుకోవాలి.