గేటు ముందు పంచాయితీలో తేలేది పరిహారం కాదు

మిర్యాలగూడ మిల్లుల్లో గానీ, చౌటుప్పల్ చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో గానీ, జడ్చర్ల వైపు గానీ, పనిలో మనిషి పోతే ఆ రోజు ఒకే తీరుగా నడుస్తుంది. శవాన్ని గేటు ముందు పెడతారు. టెంటు వేస్తారు. లీడర్లు వస్తారు, ఊరి పెద్దమనుషులు వస్తారు. లోపలి నుంచి మేనేజర్ వస్తాడు. లీడర్లు ఇరవై లక్షలు అంటే మేనేజర్ నాలుగు అంటాడు. పొద్దుగూకే వేళకు మధ్యలో ఎక్కడో ఒక అంకె దగ్గర ఆగుతారు. ఆ అంకెకు పోయినవాడి వయసుతో సంబంధం ఉండదు, జీతంతో అంతకంటే ఉండదు. గేటు ముందు ఎంతమంది కూర్చున్నారు, ఎస్సై ఎంత తొందరపెడుతున్నాడు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

నేను మిల్లులకు, చిన్న కాంట్రాక్టర్లకు లెక్కలు రాస్తాను. ఈ బేరాన్ని రెండు వైపుల నుంచీ చూస్తుంటాను. నాకు కోపం వచ్చేది బేరమాడినందుకు కాదు. బేరం అవసరమే లేని చోట ఆడుతున్నందుకు. ఎంత ఇవ్వాలో కార్మికుల పరిహార చట్టంలో 1923 నుంచే రాసి ఉంది. 2025 నవంబరు 21న ఆ చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది గానీ లెక్క కట్టే పద్ధతి అదే.

లెక్క చెప్తాను, మీరే వేసుకోండి. మనిషి చనిపోతే నెల జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి చట్టం పట్టికలో ఇచ్చిన అంకెతో హెచ్చించాలి. ముప్పై ఏళ్లవాడికి ఆ అంకె 207.98. నలభైకి 184.17, యాభైకి 153.09. జీతం ఎంత ఉన్నా లెక్కకు నెలకు 15,000 దాకానే తీసుకుంటారు. 2020 జనవరికి ముందు ఆ పరిమితి 8,000 ఉండేది. పదిహేను వేలు కూడా తక్కువే అని నా అభిప్రాయం. ఇవాళ మంచి హమాలీ సీజన్‌లో అంతకంటే ఎక్కువే సంపాదిస్తాడు. అయినా ఆ తక్కువ లెక్కతోనే చూడండి: 7,500 ఇంటూ 207.98, అంటే 15,59,850 రూపాయలు. టెంటు కింద ఎనిమిది లక్షలకు తెంపి "ఇప్పిచ్చినం" అని భుజాలు ఎగరేసే లీడర్ సార్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

చనిపోకుండా పూర్తిగా పనికి రాకుండా పోతే సగం కాదు, జీతంలో 60 శాతం మీద లెక్క. అదే ముప్పై ఏళ్లవాడికి 18,71,820. చేతి వేళ్లు పోతే అందులో వాటా. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం. బొటనవేలికి ఐదు లక్షల అరవై ఒక్క వేల పైన వస్తుంది. మన దగ్గర ఏం జరుగుతుందో తెలుసు కదా. ప్రైవేటు ఆస్పత్రిలో కుట్లు వేయించి, చేతిలో ఇరవై వేలు పెట్టి, "తగ్గినంక రా, వాచ్‌మన్ పని ఇస్త" అంటారు. శవం ఉంటే గేటు ముందు పెట్టడానికైనా ఉంటుంది. వేలు పోయినవాడికి టెంటు ఎవరు వేస్తారు?

ఆ శాతాలు కూడా కనీసం మాత్రమే. ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైకి తీసేయాల్సి వచ్చిన కేసులో, ఒంటి చేత్తో వడ్రంగి పని చేయలేడు కాబట్టి నూరు శాతం నష్టమేనని, ఈ పరిహారం కేసులు తేల్చే కార్మిక శాఖ కమిషనర్ తేల్చాడు. 1975లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: పరిహారం కమిషనర్ తీర్పు చెప్పిన రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు.

ఇక యజమానుల వైపు నుంచి ఎప్పుడూ వినపడే మాటలు. "వాడిదే తప్పు, బెల్టు తిరుగుతుంటే చెయ్యి పెట్టిండు." తప్పు ఎవరిదన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. పని వల్ల, పనిలో ఉండగా దెబ్బ తగిలిందా అన్నదే ప్రశ్న. రోజుకు పన్నెండు గంటలు నిలబడ్డ మనిషికి ఒక్క క్షణం ఏమరుపాటు వస్తుందని వందేళ్ల కిందట చట్టం రాసినవాళ్లకే తెలుసు. కావాలని సేఫ్టీ గార్డు తీసేస్తేనో, తాగి ఉండి దెబ్బ తగిలించుకుంటేనో యజమాని తప్పించుకోవచ్చు. ఆ మినహాయింపు కూడా చావుకు, పూర్తి శాశ్వత అంగవైకల్యానికి వర్తించదు. "కల్లు తాగిండు సార్" అనే మాట నల్గొండ జిల్లాలో ఎంత తేలిగ్గా వస్తుందో మీకు తెలియంది కాదు. పోయినవాడి విషయంలో ఆ మాట చెల్లదు.

రెండోది, "మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి." ఇది ఇంకా అన్యాయం. మీ మిల్లులో, మీ పనిలో భాగంగా, మేస్త్రీ తెచ్చిన మనిషికి దెబ్బ తగిలితే ముందు మీరే కట్టాలి. తర్వాత కావాలంటే మేస్త్రీ దగ్గర వసూలు చేసుకోండి. బీహార్ నుంచి వచ్చిన హమాలీకి మీరెవరో తెలుసు, మీ గోదాం తెలుసు. కాంట్రాక్టు కాగితం ఎవరి పేరు మీద ఉందో వాడికేం ఎరుక?

మూడోది బాండు పేపరు. "ఇంతటితో ఎలాంటి క్లెయిమూ చేయను" అని రాయించి, చదువురాని భార్యతో వేలిముద్ర వేయిస్తారు. ఆ కాగితం చెల్లదు. పరిహారం హక్కును వదులుకునే, తగ్గించే ఏ ఒప్పందమైనా చట్టం ముందు లేనట్టే. ఇక్కడే యజమానులకు కూడా ఒక మాట చెప్పాలి. మనిషి పోయిన కేసులో డబ్బును కార్మిక శాఖ కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు ఇవ్వొచ్చు. అంతకు మించి కుటుంబం చేతికి ఇచ్చింది పరిహారం కింద జమ కాదు. అంటే టెంటు కింద ఎనిమిది లక్షలు ఇచ్చి ఊపిరి పీల్చుకున్న సేటు, ఆ కుటుంబం ఏడాది తర్వాత కేసు వేస్తే మళ్లీ మొత్తం కట్టాల్సి రావచ్చు. పంచాయితీ చేసిన లీడర్ అప్పుడు ఫోన్ ఎత్తడు.

ఇంత తలనొప్పి ఎందుకయ్యా, ఇన్సూరెన్స్ తీసుకో అంటే ఖర్చు అంటారు. బాయిలర్‌కు ఉంటుంది, స్టాకుకు బ్యాంకోడు అడుగుతాడు కాబట్టి ఉంటుంది, లారీకి ఉంటుంది. బస్తా మోసేవాడికి మాత్రం ఉండదు. పాత చట్టం పాలసీని తప్పనిసరి చేయలేదు, పరిహారాన్ని తప్పనిసరి చేసింది. మనవాళ్లు ఈ రెంటినీ కలిపేసుకుని, పాలసీ లేకపోతే బాధ్యత కూడా లేదనుకుంటున్నారు. పాలసీ లేకపోతే జేబులోంచి కట్టాలి, అంతే తేడా. తీసుకున్నవాళ్లలో కూడా సగం తెలివి కనిపిస్తుంది. ముప్పై మంది పనిచేసే చోట పాలసీలో ఎనిమిది మందిని చూపిస్తారు, జీతాలు తక్కువ రాయిస్తారు. ప్రమాదం జరిగాక కంపెనీ సర్వేయర్ హాజరు పట్టీ అడిగితే నన్ను పిలుస్తారు. పాలసీ ఉన్నా జరిమానా మాత్రం యజమాని మీదే పడుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని భరించదు.

ఈఎస్ఐ, అంటే కార్మికుల సర్కారు బీమా, ఉన్నవాళ్ల దారి వేరు. పది మంది అంతకంటే ఎక్కువ ఉన్న చోట, నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లు అందులోకి వస్తారు. పనిలో దెబ్బ తగిలితే చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది, జీతంలో 90 శాతం లెక్కన ఇస్తారు. ఈఎస్ఐ ఉంటే యజమాని దగ్గర ఈ పరిహారం మళ్లీ అడగడానికి లేదు. జీతంలో 0.75 శాతం కోసేసి నంబరు చెప్పని చోట్లు ఉన్నాయి. ముందు ఆ నంబరు అడిగి రాసిపెట్టుకోండి.

పాలమూరు లేబర్‌కు ఒక ముఖ్యమైన విషయం. పుణెలోనో ముంబైలోనో పని చేస్తూ స్లాబు మీద నుంచి పడితే, కేసు అక్కడే వేయాలని ఏం లేదు. బాధితుడు గానీ, చనిపోతే కుటుంబం గానీ మామూలుగా ఎక్కడ ఉంటారో అక్కడి కమిషనర్ దగ్గర వేయొచ్చు. మక్తల్ మనిషి పుణె చుట్టూ తిరగక్కర్లేదు. కొత్త కోడ్‌లో ఇంటి నుంచి పనికి పోతూ, పని నుంచి ఇంటికి వస్తూ జరిగే ప్రమాదాలను కూడా చేర్చారు. ఆ ప్రయాణానికీ పనికీ సంబంధం ఉందని టైము, చోటు, పరిస్థితులను బట్టి తేలాలి. తెల్లారగట్ల ఆటోల్లో కుక్కుకుని సైట్లకు పోయే ఆడవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. ఏ సైటు దగ్గరా ఎవరూ వాళ్లకు చెప్పడం నేను చూడలేదు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోతే దేశమంతా టీవీలకు అతుక్కుపోయింది. అలాంటప్పుడు ప్రభుత్వాలు ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తాయి, ప్రకటించాలి కూడా. కానీ అది సర్కారు దయతలచి ఇచ్చేది. నేను మాట్లాడుతున్నది బాకీ గురించి. కెమెరాలు రాని చోట, జిన్నింగ్ మిల్లులో కొంగు బెల్టులో చిక్కిన ఆడమనిషికి కూడా అంతే పక్కాగా ఉండే బాకీ.

ప్రమాదం జరిగిన రోజు చేయాల్సిన పని చిన్నదే. ఆస్పత్రిలో "ఇంట్ల జారిపడ్డ" అని రాయించకండి. యజమాని తరఫు మనిషి బిల్లు కడతానని చెప్పి అదే రాయిస్తాడు. పని దగ్గర తగిలిందని రాయించి, పోలీసులకు తెలిసే మెడికో లీగల్ కేసుగా (ఎమ్మెల్సీ అంటారు) నమోదు చేయించండి. జీతం ఫోన్‌పేలో వస్తే ఆ మెసేజ్‌లు దాచండి. మిషన్ ఫొటో తీయండి, పక్కన పనిచేసినవాళ్ల నంబర్లు రాసుకోండి. వైద్యం బిల్లులన్నీ ఉంచండి, ఆ ఖర్చు విడిగా యజమానే ఇవ్వాలి. ఇప్పటికే ఎవరికైనా ఇరవై వేలు ఇచ్చి కాగితం మీద వేలిముద్ర తీసుకుని ఉంటే, ప్రమాదం జరిగి రెండేళ్లు నిండకపోతే, రేపే కార్మిక శాఖ ఆఫీసుకు తీసుకెళ్లండి. ఆ కాగితం కాపీ కూడా పట్టుకెళ్లండి. పని దగ్గర దెబ్బ తగిలిందని యజమానే ఒప్పుకున్న సాక్ష్యం అది.