టెక్సాస్‌లో ‘స్టార్’ పోతోంది.. మరి బడులు దేనికి సిద్ధపడాలి?

టెక్సాస్‌లో 2012 నుంచి దాదాపు ఏటా వసంతకాలంలో పిల్లల్నీ టీచర్లనీ టెన్షన్ పెడుతూ వచ్చిన ‘స్టార్’కు, అంటే రాష్ట్రం బడిపిల్లలకు పెట్టే పరీక్షకు, కాలం చెల్లబోతోంది. రాష్ట్ర శాసనసభ 2025లో ఆమోదించిన హౌస్ బిల్ 8 ప్రకారం, 2027-28 విద్యా సంవత్సరం నుంచి ఏడాది చివరి ఒక్క పెద్ద పరీక్ష స్థానంలో మూడు చిన్న పరీక్షలు వస్తాయి. ఏడాది మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి. ఫలితాలు రెండు రోజుల్లో రావాలంటోంది చట్టం. హైస్కూల్లో ఇంగ్లీష్-2 పరీక్షను ఎత్తేశారు. బడులు అదనంగా పెట్టే బెంచ్‌మార్క్ టెస్టులకు కళ్లెం వేశారు.

వినడానికి బాగానే ఉంది. కాకపోతే పరీక్ష పేరు మారడం టెక్సాస్‌కి కొత్తేమీ కాదు. 1980లో మొదలైన టాబ్స్ పోయి టీమ్స్ వచ్చింది, అది పోయి టాస్, టాక్స్, చివరికి స్టార్. మారినప్పుడల్లా స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థల) తొలి ఆలోచన ఒకటే: కొత్త ప్రశ్నపత్రం ఎలా ఉంటుందో కనుక్కుని, అలాంటివే మరో పది పిల్లలతో చేయించడం. ఈసారీ అదే జరిగితే మూడు పరీక్షలకు మూడు ప్రిపరేషన్ సీజన్లు తయారవుతాయి. డిస్ట్రిక్టులకు మిగిలిన ఈ కొద్ది వ్యవధి ప్రశ్నపత్రం మీద కన్నా, ఫలితం వచ్చిన మర్నాడు క్లాసులో ఏం చేయాలన్న దాని మీద ఖర్చవ్వాలని నా అభిప్రాయం.

డిస్ట్రిక్టులు ప్రశ్నపత్రం చుట్టూ ఎందుకు తిరుగుతాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు. 3 నుంచి 8 తరగతుల వరకు ఏటా రీడింగ్, మ్యాథ్స్ పరీక్ష పెట్టాలన్నది 2002 నాటి ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ ఫెడరల్ చట్టం. 2015లో దాని స్థానంలో వచ్చిన చట్టం కూడా ఆ నియమాన్ని అలాగే ఉంచింది. దాని మీద టెక్సాస్ స్కూళ్లకు తన సొంత ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ గ్రేడ్లు పెట్టుకుంది. ఒక స్కూలు వరుసగా అయిదేళ్లు ఫెయిలైతే ఆ స్కూలును మూసేయాలి, లేదా మొత్తం డిస్ట్రిక్టుకు రాష్ట్రమే కొత్త బోర్డును వేయాలి. 2023లో హ్యూస్టన్‌లో జరిగింది ఇదే. ప్రధానంగా వీట్లీ హైస్కూలు గ్రేడ్ల కారణంగా రాష్ట్రంలోనే అతి పెద్ద డిస్ట్రిక్టు పగ్గాలు ఎన్నికైన బోర్డు చేతిలోంచి పోయాయి. ఇది చూసిన ఏ సూపరింటెండెంట్ (డిస్ట్రిక్టు అధికారి) అయినా ముందు మార్కుల గురించే ఆలోచిస్తాడు.

ఆ మార్కుల లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం. స్టార్‌లో ‘అప్రోచెస్’, ‘మీట్స్’, ‘మాస్టర్స్’ అని మూడు మెట్లున్నాయి. ఒక్కో మెట్టు దాటినవాళ్ల శాతాలు మూడూ కలిపి సగటు తీస్తే స్కూలు ముడి స్కోరు వస్తుంది. ఉదాహరణకు 100 మందిలో 70 మంది మొదటి మెట్టు, 40 మంది రెండోది, 15 మంది మూడోది దాటారనుకుందాం. సగటు 41.7. మొదటి మెట్టు గీతకు రెండు మూడు మార్కుల దూరంలో ఆగిపోయిన అయిదుగురిని కాస్త తోస్తే సగటు 43.3 అవుతుంది. అట్టడుగున ఉన్న ఇంకో అయిదుగురు ఎంతో కష్టపడి సగం దూరం ఎక్కి వచ్చినా, గీత దాటకపోతే ఈ లెక్కలో వాళ్ల విలువ సున్నా. ఆ లోటు పూడ్చడానికి పిల్లల ఎదుగుదలను కొలిచే భాగం విడిగా ఉన్నా, గీత పక్కన నిలబడ్డ పిల్లల మీదే దృష్టి పెట్టే అలవాటు మాత్రం పోలేదు. టీచర్లు వాళ్లను ‘బబుల్ కిడ్స్’ అంటారు. ట్యూటరింగ్ ముందు దక్కేది వాళ్లకే.

ఇప్పుడు సెప్టెంబర్‌లోనే ఫలితం చేతికొస్తే ఈ జాబితా ఏడు నెలల ముందే తయారైపోతుంది. కొత్త విధానంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. మొదటి పరీక్ష పిల్లాడికి ఏం రాదో చెప్పడానికి పెట్టింది. దాన్ని ప్రిన్సిపాళ్ల మీటింగులో స్కూళ్ల ర్యాంకుల పట్టికగా వేసిన రోజు దాని పని అయిపోయినట్టే. ఈ పట్టిక వేయబోమని డిస్ట్రిక్టు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. టీచర్లు నమ్మేది దాన్నే.

అసలు సమస్య మనుషులు, టైమ్. స్టార్‌లో ఫెయిలైన పిల్లలకు 15 లేదా 30 గంటల అదనపు బోధన ఇవ్వాలని, ఒక్కో బృందంలో నలుగురికి మించి ఉండకూడదని 2023లోనే చట్టం చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ నలుగురితో కూర్చునేది ఎవరు? టెక్సాస్‌లో ఇటీవల కొత్తగా చేరుతున్న టీచర్లలో దాదాపు మూడో వంతు మందికి టీచర్ సర్టిఫికెట్ లేదు. చిన్న డిస్ట్రిక్టుల్లో పరీక్షలు చూసుకునే టెస్టింగ్ కోఆర్డినేటరే పిల్లల కౌన్సెలర్ కూడా. పరీక్షలున్న రోజుల్లో పిల్లల బాధలు వినేవాడే ఉండడు, ఇక ఏడాదికి మూడుసార్లంటే చెప్పక్కర్లేదు. కాబట్టి 2027-28 టైమ్‌టేబుల్ ఇప్పుడే గీయాలి. రోజుకో అరగంట ఏ సబ్జెక్టూ లేని పీరియడ్ ఉండాలి, ఫలితం వచ్చిన వారమే బృందాలు మారాలి, కొత్త టీచరు పక్కన అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి. కంప్యూటర్ల సంగతి చెప్పనక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ సిస్టమ్ మొరాయించి రాష్ట్రమంతా పిల్లలు తెరల ముందు కూర్చుండిపోయిన రోజును ఎవరూ మర్చిపోలేదు.

ఇక రాష్ట్రం సంగతి. డిస్ట్రిక్టులను సిద్ధం కమ్మనే ముందు రాష్ట్ర విద్యాశాఖ అయిన టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ తన పాత పాఠం గుర్తు తెచ్చుకోవాలి. 2023లో హైస్కూళ్ల గ్రేడింగ్ మార్చినప్పుడు, కాలేజీకో ఉద్యోగానికో సిద్ధమైన పిల్లలను లెక్కించే భాగంలో ‘ఎ’ రావడానికి కావాల్సిన మార్కును 60 నుంచి 88కి పెంచారు. పాత గీత మరీ కింద ఉందన్న వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ లెక్కలోకి వచ్చే వివరాలు ఒక ఏడాది వెనకవి. అంటే 2022లోనే బడి చదువు ముగించి వెళ్లిపోయిన పిల్లలకు కొత్త గీత పెట్టారు. వెళ్లిపోయినవాళ్లకు ఇప్పుడు ఎవరు పాఠం చెబుతారు? వందకు పైగా డిస్ట్రిక్టులు కోర్టుకెక్కాయి. 2023 గ్రేడ్లు 2025 ఏప్రిల్‌లో గానీ బయటికి రాలేదు. మధ్యలో తల్లిదండ్రులకు తమ స్కూలు ఎలా ఉందో చెప్పే గ్రేడే లేదు. కొత్త పరీక్షకు గీతలు ఎక్కడ గీస్తారో ఆ ఏడాది బడి తెరవకముందే ప్రకటిస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఇళ్లు కొనే మనవాళ్లు ముందు చూసేది స్కూలు రేటింగే. చూడొద్దని అనను. అయితే ‘ఎ’ వచ్చిన స్కూల్లో పిల్లాడు వెనకబడితే ఆ గ్రేడు వాడికేమీ చేయదు. మార్పు సాగే ఈ కాలంలో స్టార్ ఆగదు, గ్రేడ్లూ ఆగవు. టీచర్లు పాత పరీక్షకు సన్నద్ధం చేస్తూనే కొత్తదానికి తయారవ్వాలి. అందుకే స్కూల్ బోర్డు మీటింగుకు వెళ్లే తల్లిదండ్రులు రేటింగ్ ఎంతని అడగడం కన్నా, సెప్టెంబర్ ఫలితంలో మా అమ్మాయికి భిన్నాలు రావని తేలితే అక్టోబర్‌లో ఆమెకు ఎవరు, ఏ పీరియడ్‌లో నేర్పుతారని అడగొచ్చు. బోర్డు దగ్గర టీచరు పేరు, పీరియడ్ నంబరుతో సహా జవాబు ఉంటే ఆ డిస్ట్రిక్టు సిద్ధంగా ఉన్నట్టు.